బెల్లం గోదాము ఇటుకలు

తెల్లవారుజాము ప్రార్థన ముగియగానే వీరస్వామి చేసే మొదటి పని ఒకటుంది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి, ఇల్లు కడుతున్న జాగా అంతా ఈడ్చుకుంటూ తిరిగేవాడు. కూలికొచ్చే ఆడవాళ్లలో సగం మందికి కాళ్లకు చెప్పులుండవు. వాళ్లు వచ్చేసరికి నేల మీది మేకులన్నీ డబ్బాలోకి చేరేవి. వంకరవి సుత్తితో సాపు చేస్తే మళ్లీ పనికొచ్చేవి. బోధన్‌లో "మేకులేరే మేస్త్రి" అని పిలిచినా నవ్వి ఊరుకునేవాడు.

ఆయనది చిన్న కాంట్రాక్టు. ఆరుగురు మనుషులు, ఒక పాత ట్రాలీ. కూల్చిన ఇళ్ల దర్వాజలు, షాబాదు బండలు, ఇటుకలు తెచ్చి బాగుచేసి కొత్త ఇళ్లకు వాడేవాడు. దేవుడిచ్చిన మట్టిని ఒక్కసారి వాడి పారబోయడానికి ఆయనకు మనసొప్పదు.

ఆ ఎండాకాలం రుద్రూర్‌లో బీడీలు చుట్టే భూమవ్వకు రెండు గదులు కట్టిస్తానని మాటిచ్చాడు. ఆమె గుడిసె విప్పేసి పందిరి కింద ఉంటోంది. వానలు పడేలోగా ఇల్లు లేవాలి. అప్పుడే చందూర్ దారిలో ఒక పాత బెల్లం గోదాము కూలగొడుతున్నారు. సున్నంతో కట్టిన గోడలు, తట్టగానే ఇటుకకు ఇటుక ఊడివచ్చాయి. నేల మీద పరిచిన ఇటుకలూ వదలకుండా తెచ్చాడు. పాతవే కదా అని నానబెట్టకుండా, పైపైన నీళ్లు చిలకరించి మొదటి గోడ లేపించాడు.

మర్నాడు గోడ నిండా చీమల బారులు. వేలు పెడితే సిమెంటు మాలు హల్వాలా దిగింది. మూడో రోజూ అంతే.

పక్కింటి నరేందర్ నవ్వాడు. "ఏందవ్వ, నీకన్న ముందుగాల చీమలే ఇంట్ల పాలు పొంగిస్తున్నయి! పాతయి పెడితె గిట్లనే అయితది."

వీరస్వామి తలెత్తలేకపోయాడు. పాత ఇటుక ఇక వద్దని ఆమె అంటే ఇల్లు ఆగిపోతుంది. కొత్త ఇటుకకు ఆమె తాహతు చాలదు.

భూమవ్వ మాత్రం గోడలోంచి ఒక ఇటుక ఊడదీసి, కొంగుతో తుడిచి, నాలుకకు ఆనించింది.

"ఏందవ్వ, ఇటుక నాకుతున్నవ్?" అన్నాడు వీరస్వామి.

"గిది ఇటుక కాదు కొడుకా, బెల్లం దిమ్మె! పదిహేనేండ్లు బెల్లం పొయ్యికాడ పనిచేసిన. నా నాలికె తప్పు జెప్తదా?"

అప్పుడు తట్టింది వీరస్వామికి. సిమెంటు కలిపే మిక్సరు మధ్యలో ఆగిపోతే, లోపలి మాలు గట్టిపడకుండా మేస్త్రీలు పిడికెడు చక్కెర వేస్తారు. తీపి తగిలితే సిమెంటు పట్టదు. ఆ నేల ఇటుకలు ఏళ్ల తరబడి బెల్లం పాకం తాగి ఉన్నాయి! తన తెలివికి తానే పగలబడి నవ్వాడు. భూమవ్వా నవ్వింది.

"నవ్వింది సాలు గని, గోడ ఇప్పుండ్రి. కడిగితె తీపి పోదా ఏంది?"

మాలు గట్టిపడలేదు గనుక ఒక్క ఇటుకా పగల్లేదు. గుంట తవ్వి, టార్పాలిన్ పరిచి, నీళ్లు మారుస్తూ నానబెట్టారు. వెక్కిరించిన నరేందరే అడగకముందే తన బోరు పైపు లాగి నీళ్లిచ్చాడు. పారబోసే తీపినీళ్లను పెంటకుప్పకు మంచివని ఒక చెరుకు రైతు బిందెలతో మోసుకుపోయాడు. పొద్దున, సాయంత్రం భూమవ్వ ఇటుక రుచి చూసి "ఇంక జర తియ్యగనే ఉంది" అనేది. అయిదో రోజు మొహం చిట్లించి, "సప్పగైంది, ఇగ కట్టుండ్రి" అంది.

ఈసారి గోడ రాయిలా పట్టింది. వానలు మొదలయ్యే మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు పైకప్పుకు రేకులు పడ్డాయి. భూమవ్వ గడపకు పసుపు రాసింది, వీరస్వామి అదే గడప ముందు కళ్లు మూసుకుని ప్రార్థించాడు. పొంగించిన పాలు ఆమె మొదట ఆయనకే ఇచ్చింది.

గ్లాసు కింద పెట్టి ఆయన అన్నాడు:

"అవ్వా, నాకొక్క సాయం జెయ్యాలె. రేపు నందిపేట్ నుంచి ఒగ రైతు నీ ఇల్లు సూడనీకి వస్తుండు. పాత ఇటుకతోని కట్టియ్యాల్నా వద్దా అని గుంజాటన పడుతుండు. ఇల్లు మంచిగున్నదని ఒక్కటే జెప్పకు. గోడ హల్వా అయిన ముచ్చట సుత దాపెట్టకుండ జెప్పు."