ఖాళీ సీటు బెల్టు

రామ్మోహనరావు గారు ఏళ్ళ తరబడి విమానం నడపడం నేర్పారు. బేగంపేటలోని ఆ ఫ్లయింగ్ క్లబ్బులో నేను గుమాస్తాని. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు రెక్కలొచ్చి వెళ్ళిపోవడం చూశాను గానీ, మళ్ళీ వచ్చి ఆయన్ని పలకరించడం పెద్దగా చూడలేదు. తన అవసరం లేకుండా చేయడమే ఆయన ఉద్యోగం. అలాంటి ఉద్యోగం పిలిచి ఇచ్చినా నేను పుచ్చుకోను.

భార్య పద్మావతి గారు పోయాక మియాపూర్ ఫ్లాటులో ఒక్కరే ఉండేవారు. ఇంటికి తొందరగా చేరడం ఇష్టంలేక మాదాపూర్ మీదుగా చుట్టుదారిన పోయేవారు. స్కూటర్ వెనక సీటు మీద క్యారేజీ సంచీని తాడుతో కట్టేసేవారు. నన్నెక్కించుకోవాల్సి వస్తుందనే కదా ఈ ఏర్పాటు అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవారు.

ఎవరినైనా మొదటిసారి ఒంటరిగా పంపే రోజున, అంటే సోలో రోజున, ఆయన చాదస్తం చూడాలి. గాలి ఎటు వీస్తోందో చూసేవారు, మబ్బు చూసేవారు, రాత్రి నిద్రపట్టిందా అని అడిగేవారు. ఏ కాస్త అనుమానమున్నా పంపేవారు కాదు. దిగేటప్పుడు తన సీటు బెల్టు తానే బిగించి మరీ దిగేవారు. అది వదులుగా ఉంటే గాల్లో జారి, ఆ సీటు ముందుండే రెండో స్టీరింగుకి చుట్టుకుని విమానం మాట వినకపోవచ్చు. మనిషి లేని సీటునే ఇంకా జాగ్రత్తగా కట్టాలని అందరికీ చెప్పేవారు.

హైటెక్ సిటీ వచ్చాక ఖాజాగూడలో నేలకి గిరాకీ పెరిగింది. అక్కడి రైతు ఎల్లేశం తన రాళ్ళ చెలక అమ్మి కూతురు జ్యోత్స్నని మా క్లబ్బులో చేర్చాడు. పిల్ల గట్టిదే, కానీ ప్రతిదానికీ రావు గారి మొహం చూసేది. తొంభై తొమ్మిదిలో ఒక ఉదయం ఆయన్ని పక్కన పెట్టుకుని విమానాన్ని చక్కగా దింపింది. ఆయన ఇంకా తలుపు మీద చెయ్యి వేయకముందే అంది:

"జర దిగుండ్రి సార్. మీరు పక్కన కూసుంటేనే నాకు భయమైతది."

ఆయన దిగిపోయారు. మూడు చుట్లు కొట్టి రమ్మని చెప్పి, చేతి రేడియోతో నా పక్కకొచ్చి నిలబడ్డారు. విమానం లేచింది. అప్పుడు ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

"బెల్టు కట్టలేదండీ."

రేడియోలో చెప్పేయమన్నాను. ఆయన వద్దన్నారు. చెబితే ఆ పిల్ల కంగారుగా పక్క సీటు మీదికి వంగుతుంది, విమానాన్ని ఒరిగించేస్తుంది. చెప్పకపోతే ఆ పట్టీ ఎప్పుడు జారుతుందో తెలియదు. ఏం జరిగినా పంపింది ఆయనే. ఆకాశంలో ఆ పిల్లకన్నా నేల మీద ఆయనే ఒంటరిగా కనిపించారు నాకు.

రేడియో నోటి దగ్గర పెట్టుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నారు. "బాగా నడుపుతున్నావమ్మా. ఇవాళ్టికి ఒక్క చుట్టు చాలు. దిగిపో."

దిగింది. ఆయన పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు, ఆ రోజు చూశాను. తలుపు తీశారు. ఖాళీ సీటు మీద బెల్టు బిగించి ఉంది.

"మీరు మర్శిపోయిన్రు సార్," అంది జ్యోత్స్న. "యాది చేద్దామంటే ఎనక్కి సూడకుంట పోయిన్రు. నేనే కట్టిన."

ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టారు. మొదటి సోలో అయినవాళ్ళ మీద బకెట్ నీళ్ళు పోయడం మా దగ్గర ఆనవాయితీ. అందరూ ఆ సందడిలో ఉండగా ఆయన క్లబ్బు నడిపే పెద్దాయన గదిలోకి వెళ్ళారు. తాను మరిచిపోయిన సంగతి చెప్పి, మరొకరు తన పని పరీక్షించేదాకా ఎవరినీ సోలోకి పంపనన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరడిగారు, ఎవరికి తెలుసు, పిల్ల కట్టేసింది కదా అని నిలదీశాను.

"ఆ పిల్ల కట్టింది. నేను కట్టలేదండీ," అన్నారు.

సాయంత్రం స్కూటర్ దగ్గరికి వెళ్ళి నన్నూ ఎక్కించుకోమన్నాను.

"మీది అమీర్‌పేట కదండీ?"

మియాపూర్‌లో పనుందన్నాను. ఆయన తాడు విప్పి, సంచీ ముందు తగిలించారు. చుట్టుదారినే పోయాం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనం దాటాక రోడ్డంతా గతుకులు. సరిగ్గా కూర్చున్నారా అని మాటిమాటికీ అడిగారు.

అపార్టుమెంటు ముందు దిగాను. సంచీ చేతిలోకి తీసుకుని, మీ పని ఎక్కడండీ అని అడిగారు.

"అయిపోయిందండీ," అన్నాను.