అక్కయ్య కుదురుగా కూర్చున్న రోజు

మా పక్కింట్లో ఉండే గుంటూరు కుర్ర జంట ఈమధ్య ఓ పాత కారవాన్, అదే కారు వెనక తగిలించుకుపోయే చక్రాల ఇల్లు, కొన్నారు. మొన్న శనివారం ఆ అమ్మాయి ఫోన్‌లో మ్యాపు తెరిచి పట్టుకొచ్చి, ఓపల్ రాళ్ళు తవ్వే ఓ ఎర్రమట్టి ఊరి మీద వేలు పెట్టి, "ఇక్కడ ఆగాలా ఆంటీ? ఆగకుండా డ్రైవ్ చేసేస్తే వన్ డే సేవ్ అవుతుంది కదా" అంది. ఆగమనే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదది, నా ఈడువాళ్ళతో కూర్చుని చెప్పుకోవలసింది.

పదిహేనేళ్ళ కిందట, మావారు ఈ పరాయిదేశంలో, పారమట్టాలో, ఆసుపత్రి ఉద్యోగం వదిలిన కొత్తల్లో, మాకూ ఓ కారవాన్ ఉండేది. ఆ చలికాలంలోనే కాకినాడ నుంచి మా అక్కయ్య వచ్చింది. బావగారు పోయి ఏడాది కావస్తోంది. ఆ ఏడాదంతా ఆవిడ కొడుకు దగ్గరా, కూతురి దగ్గరా, ఆడపడుచు దగ్గరా తిరుగుతూనే ఉంది తప్ప ఎక్కడా నెల నిండా నిలవలేదు, సొంత ఇంటి తాళం మాత్రం తియ్యలేదు. మా క్వేకర్స్ హిల్ ఇంట్లోనూ అంతే, వచ్చిన రెండోవారం నుంచే తిరుగు టికెట్టు సంగతి ఎత్తింది. పోనీ, తిరగడమే కావాలంటే తిప్పుదామని ముగ్గురం కారవాన్ కట్టుకుని బయల్దేరాం.

దారిలో ఏ ఊళ్ళో ఆగినా, టీ కప్పు సగం కాకుండానే ఆవిడ లేచి నిలబడేది. సంచీ ఒళ్ళోనే, చెప్పులు కాళ్ళకే. ఎంత అందమైన చోటైనా ఓసారి చూసి, "బాగుందే, ఇక బయల్దేరదామా?" అనేది. ఆవిడ తొందర మాకూ అంటుకుని, మావారు కారు నడుపుతూ నడుపుతూ నన్ను గడియారం చూడమనేవారు, ఎవరో మాకోసం ఎదురుచూస్తున్నట్టు.

అలా పోతూ పోతూ ఆ ఎర్రమట్టి ఊరి పొలిమేరలో కారవాన్ టైరు చీలిపోయింది. టైర్ల కొట్టాయన చూసి, ఆ సైజు తన దగ్గర లేదనీ, పక్క ఊరి నుంచి లారీలో మర్నాడు పొద్దున వస్తుందనీ చెప్పాడు. అంటే ఆ రోజంతా అక్కడే. అక్కయ్య కారవాన్ పార్కులో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. నేనూ అంతే, రాదని తెలిసి కూడా రోడ్డు మీద ప్రతి లారీనీ తొంగి చూశాను. ఆఖరికి విసుగెత్తి, ఊరిచివర భూమి లోపలి నుంచి వేడినీళ్ళు ఉబికివచ్చే మడుగుందంటే, కాళ్ళైనా కడుక్కోవచ్చని అక్కయ్యనీ మావారినీ తీసుకెళ్ళాను.

గుండ్రటి సిమెంటు మడుగు, పైన ఆవిరి, లోపల కంఠం దాకా మునిగి కబుర్లాడుకునే ముసలివాళ్ళు. అక్కయ్య ముందు ససేమిరా అంది. చలికి వణికి వణికి, చివరికి మావారి టీషర్టూ నా ట్రాక్ ప్యాంటూ తొడుక్కుని, సిగ్గుపడుతూనే దిగింది. నేను గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. పక్కనున్న గడ్డిటోపీ ముసలమ్మ, మావారు దూరంగా బల్ల మీద పేపరు చదువుకోవడం చూసి, ఆయన అక్కయ్య భర్తే అనుకున్నట్టుంది, మీ ముసలాయన నీళ్ళలోకి దిగడా అని ఇంగ్లీషులో అడిగింది.

అక్కయ్య కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, ఇంగ్లీషుకి తడుముకోదు. అయినా ముందు మావారు కూర్చున్న బల్ల వైపు ఓసారి చూసింది. తర్వాత మెల్లిగా, "నో. మై హస్బెండ్ డైడ్" అంది.

ఏడాదిగా ఆ మాట ఆవిడ నోట ఏ భాషలోనూ నేను వినలేదు. ముసలమ్మ జాలిపడలేదు, దేవుడి మాట ఎత్తలేదు. కొంచెం దగ్గరికి జరిగి, "వాట్ వజ్ హీ లైక్, లవ్?" అంది, ఆయన ఎలాంటి మనిషమ్మా అని.

అప్పుడు మొదలుపెట్టింది అక్కయ్య. బావగారు గడ్డం గీసుకుంటూ పాడే అపశ్రుతుల పాటలూ, మొక్కల పేర్లన్నీ తప్పు పలికి ఆవిణ్ణి ఉడికించడమూ చెప్పి నవ్వింది. ఆసుపత్రిలో ఆయనకి కాస్త నయంగా ఉందని, ఉతికిన బట్టలు తెస్తాను, ఇప్పుడే వస్తానని చెప్పి తను ఇంటికి వెళ్ళిందట. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉందట. సొంత చెల్లెలిని, నాకే తెలియని సంగతి అది. ముసలమ్మ నీళ్ళలోనే ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎండ చెట్ల మీదికి వాలేదాకా అక్కయ్య లేవలేదు, బయల్దేరదామా అని అడగలేదు.

మర్నాడు టైరు మారుస్తుంటే ఆవిడ టీ చివరి గుక్క దాకా తాగి, "నన్ను ఇంటికి పంపెయ్యవే. మా ఇంటికి" అంది. పంపాం. కాకినాడ వెళ్ళి తాళం తీసి, కిటికీలన్నీ తెరిపించి, తను పోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఎన్నిసార్లు రమ్మన్నా మళ్ళీ ఊరు కదల్లేదు.

మా చిన్నతనంలో ఎవరైనా పోతే ఇంటినిండా జనం చేరేవారు, పోయినవారి మంచీ చెడూ తలుచుకుని ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేవారు. ఇప్పుడు ఫోన్‌లో మనవాళ్ళ గ్రూపులో కబురు రాగానే దణ్ణాల బొమ్మలు వరసగా పడతాయి, నేనూ ఒకటి పెడతాను. ఆ తర్వాత ఎప్పుడో గుడిలో ఆ ఇంటి మనిషి ఎదురుపడితే, పోయినాయన గురించి అడగాలని నోటిదాకా వస్తుంది. ఈసారి చలి ఎక్కువగా ఉంది కదండీ అనేసి, ప్రసాదం చేత పట్టుకుని కారు దగ్గరికి నడుస్తాను.