మైకులో అత్త గొంతు

మా మేనమామ లెక్కలో ఆడవాళ్లు అడుగు పెట్టకూడని చోటు లోకంలో ఒక్కటే, బండలాగుడు పోటీ. తర్లుపాడు దగ్గర వాళ్ల ఊళ్లో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టేది అత్త, ఒళ్లు రుద్దేది అత్త. పోటీ రోజు మాత్రం "గ్రౌండులో ఆడోళ్లకు ఏం పనే?" అని పదిమందిలో అనేసి, ఆయన లారీ ఎక్కేవాడు. ఎడ్లు లారీ ఎక్కుతూ అత్త వైపు చూసేవి. ఆపాటి మర్యాద ఆయనకు లేదు.

ఇప్పుడు పోటీలన్నీ ఫోన్లో లైవ్. బండ కంటే ముందు కామెంట్లు కదులుతాయి. ఏనాడూ గొడ్డుకు గడ్డి వేయనివాడు బెంగళూరులో కూర్చుని "పగ్గం వదులు అన్నా" అని పెడతాడు, వ్యాఖ్యాత దాన్ని మైకులో చదువుతాడు. ఈ ఏడు ఇంకో వింత మొదలైంది. తెర మీది నంబరుకు ఫోన్ చేస్తే మన మాటే మైకులో వినిపిస్తారు.

గిద్దలూరు పోటీ రోజు నేనూ అత్తా ఫోను చెంబుకు ఆనించి చూస్తున్నాం. బాగా లాగుతున్న మామ జత సగంలో ఆగిపోయింది. ఎర్ర ఎద్దు మొండికేసింది. కామెంట్లలో ఎగతాళి మొదలైంది. నాకు ఒళ్లు మండింది. అత్త కళ్లు తుడుచుకుని "ఆ నంబరు కలుపు" అంది. రెండో ఫోన్లో కలిపి ఇస్తే ఎద్దును పిలిచింది.

"ఏంది నాయనా, అట్ల నిలబడినావు? ఉలవలు సల్లారిపోతన్నాయి, రా!"

లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది కదా, కాసేపటికి మా తెర మీద ఎద్దు చెవులు లేచాయి. బండ కదిలింది. జనం ఈలలు వేశారు. కానీ ఎద్దు పోయింది బండ లాగాల్సిన గీత వెంట కాదు, అత్త గొంతు వస్తున్న సౌండు బాక్సు మీదికి. వ్యాఖ్యాత మైకు వదిలేసి కుర్చీ ఎక్కాడు. గీత దాటి లాగింది లెక్కలోకి రాదన్నారు. మామ ఓడిపోయాడు.

ఇంటికి వచ్చి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఈసారి నువ్వు గూడా రా. ఆ గీత కొసన నిలబడుదువు" అన్నాడు, నేల చూస్తూ.

అత్త ఉలవల గంప దించింది. "రావద్దని పదిమందిలో చెప్పినావు గదా. రమ్మని గూడా మైకులోనే చెప్పు."

తర్వాతి పోటీ మార్కాపురంలో. లైవ్ పెట్టాం. మామ మైకు అందుకున్నాడు.

"మా ఇంటామె వచ్చిందాకా నేను కాడి కట్టను."

కామెంట్లన్నీ "పో అక్కా, పో అక్కా" అంటున్నాయి. తల తిప్పి చూశాను. అత్త ఎప్పుడో చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"ఏంది నా మొగం చూస్తావు? ఆటో పిలువు" అంది.