తూనీగలు కిందికి దిగిన రోజు

రాష్ట్రం విడిపోక ముందు సంగతి. కోస్తా నుంచి పని మీద వచ్చి, మంచిర్యాలలో గోదావరిఖని బస్సెక్కాను. పక్కన కూర్చున్న అవ్వ, కంట్లో పొర వచ్చిందని, ఆపరేషన్‌కు దవాఖానకు పోతున్నానని చెప్పింది.

దారిలో బస్సు ఆగినప్పుడు ఆమె కిటికీలోంచి చూసి మాట ఆపేసింది. బయట తూనీగలు నేలకు జానెడు ఎత్తులో గుంపుగా తిరుగుతున్నాయి.

"మాపటికల్లా వాన వస్తది బిడ్డా," అంది దిగులుగా.

"పంటలకు మంచిదే కదా అవ్వా?"

"మా చేను ఓపెన్‌కాస్టు గనిల పోయింది. మా ముసలాయనకు మతి తప్పింది. తూనీగలు గిట్ల దిగితె చాలు, ఇత్తనాల సంచి పట్టుకొని చేను దిక్కు పోతడు. ఆడ ఇప్పుడు పెద్ద బొంద ఉన్నది. ఇంట్ల ఇంకెవ్వలు లేరు."

ఆమె గబగబా దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం నిలబడింది.

"ఆ కంటి కోసం అవ్వ బస్సెక్కుడు ఇది మూడోసారి సార్," అన్నాడు కండక్టర్. "మూడుసార్లూ గిట్లనే దిగిపోయింది."

మాది వ్యవసాయ కుటుంబం. వాన రావద్దని నేను కోరుకోవడం అదే మొదటిసారి. గోదావరిఖనిలో బస్సు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి.