ఆవిరికి వేసిన సీలు

ఆవిరిని పొగగా తీర్మానించి, జబ్బుమనిషి ఉన్న ఇంటికి వేడిని ఆపేశారు. ఇది అన్యాయం.

ఆ ఇల్లు మా పై అంతస్తులోని దర్జీ అమ్మాయిది. ఆమె అత్తగారికి ఉబ్బసం. బొగ్గుల కుంపటి వెలిగిస్తే దగ్గు, ఆర్పితే వణుకు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ కుంపటి పీడ వదిలించడానికే ఆ అమ్మాయి రాత్రనక పగలనక మిషను తొక్కి హీట్ పంపు కొన్నది. బిగించిన రోజున నేనూ అక్కడే ఉన్నాను.

"బయటి చలిగాలిలోంచి వేడి తెస్తుందా? నేతిబీరలో నెయ్యి ఉన్నట్టే!" అన్నారు అత్తగారు, దుప్పటిలోంచే.

"ఫ్రిజ్ వెనకాల ఎప్పుడైనా చెయ్యి పెట్టారా అత్తయ్యా? వెచ్చగా ఉంటుంది. లోపలి వేడిని అటు తోసేస్తుంది కదా! ఇదీ అంతే. ఎంత చలిగాలిలోనైనా కాస్త వేడి ఉంటుంది. దాన్ని లాగి మన గదిలోకి తోస్తుంది. హీటరైతే వేడిని కరెంటుతో పుట్టించాలి. ఇది ఉన్న వేడిని మోసుకొస్తుందంతే. అందుకే అదే కరెంటుకు ఇంచుమించు మూడింతల వేడి!"

"మరి ఎండాకాలం?"

"అప్పుడు తిరగేసి గదిలో వేడిని బయటికి మోస్తుంది."

"అయితే మా వాడిలాంటిదే. ఎటు తిప్పితే అటు!"

గది వెచ్చబడింది. పొగ లేదు, మసి లేదు! ఆవిడ దుప్పటి విసిరేసి, "నా కుర్చీ కిటికీ పక్కకు లాగవే!" అని కేకవేశారు. దగ్గు అడ్డుపడకుండా ఆవిడ ఒక వాక్యం పూర్తిచేయగా వినడం నాకదే మొదలు. 

చలి ముదిరిన ఒక ఉదయం, గోడ బయట బిగించిన యంత్రం పెట్టెకు మంచు పేరుకుంది. అటువంటప్పుడు యంత్రం కాసేపు వేడిని వెనక్కి మళ్లించి ఆ మంచును కరిగించుకుంటుంది. ఆ ఉదయమూ అలాగే తెల్లటి ఆవిరి లేచింది. అది చూసి కింద ఎవరో "నిప్పు!" అని అరిచారు. బకెట్లు పరుగెత్తాయి. మా భవనం కమిటీ అధ్యక్షులు మెట్లెక్కి వచ్చి మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేశారు.

"ఆగండి బాబాయ్! ఈ ఆవిరిలో చెయ్యి పెట్టి చూడండి. తడి తప్ప మసి ఉందా?" అంది దర్జీ అమ్మాయి.

"నిప్పు లేనిదే పొగ రాదమ్మా!"

సామెతతో విచారణ ముగిసింది. పెట్టెకు సీలు పడింది. తీర్మానంలో కారణమన్న చోట ఆ సామెతనే రాశారు. నకలు నా వద్ద భద్రంగా ఉంది. ఇప్పుడు పైన మళ్లీ కుంపటి రాజుకుంది. ఆవిడ దగ్గు మా గదిలోకి వినిపిస్తోంది.

కమిటీ పెద్దలారా! అగ్నికి భయపడి, నిప్పే లేని యంత్రాన్ని ఆపి, నిజమైన నిప్పును ఆవిడ మంచం పక్కన పెట్టించారు. ముందు సీలు తీసి స్విచ్చి వేయండి. సమావేశాలూ చర్చలూ ఆ తర్వాత పెట్టుకోండి.