షార్జా సిగ్నల్ దగ్గర సోమయ్య అబద్ధం

నేను విదేశం వెళ్ళింది విహారానికి కాదు. ఒక మనిషి అబద్ధమాడాడని రుజువు చేయడానికి. మిర్యాలగూడలో ఉండే సోమయ్య, రిటైరైన డ్రాయింగు మాస్టారు, నాలుగేళ్ళ క్రితం మా సూర్యాపేట పాఠకుల సంఘం పత్రికలో తన షార్జా ప్రయాణం గురించి రాశాడు. రంజాన్ నెలలో పొద్దు గూకే వేళ సిగ్నళ్ళ దగ్గర మనుషులు నిలబడి, ఆగిన ప్రతి కారులోకీ ఉచితంగా తిండి పొట్లాలు అందిస్తారని అందులో ఉంది. అదే సంచికలో నా వ్యాసం చివరి పేజీలో, వంటనూనె ప్రకటన కింద పడింది. నెలవారీ సమావేశంలో నేను లేచి, "సోమయ్యా, మన సూర్యాపేట సిగ్నల్ కాడ మంచినీళ్ళు గూడ ఎవడియ్యడు. నువ్వు పోయింది షార్జాకా, సినిమాకా?" అన్నాను. అందరూ నవ్వారు. సోమయ్య సంచి తీసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ రోజు నవ్విన పెద్దమనుషులే తరువాత, నా నోటి దురుసు వల్ల మంచివాడు దూరమయ్యాడని చెప్పుకుని తిరిగారు. ముప్ఫై ఏళ్ళు కోదాడ చెక్‌పోస్టులో లారీలు ఆపినవాణ్ణి నేను. పైన కనిపించే ఉల్లిగడ్డ బస్తాలు చూసి బండి వదిలే అలవాటు నాకు లేదు.

కోదాడలో ఒక ట్రావెల్ ఏజెంటు నాలుగు రాత్రులకు విమానం, వీసా, హోటలు, పొద్దుటి ఫలహారం కలిపి నలభై ఎనిమిది వేలన్నాడు. అంత చౌక ఎందుకని నిలదీశాను. "రంజాన్లో టూరిస్టులు తక్కువండీ, పగలు బయట తినడానికి ఉండదుగా. రూములు ఖాళీ" అన్నాడు. నమ్మలేదు, కానీ నాకు కావలసింది ఆ నెలే. సూర్యాపేటలో పొద్దున ఐదింటి బస్సు ఎక్కితే ఎనిమిదికి ఎల్బీనగర్, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు బస్సు, ఆపైన నాలుగు గంటల విమానం. హోటలు చేరేసరికి సాయంత్రమైంది. ఆరు నుంచి ఏడు దాకా మూడో అంతస్తు కిటికీలోంచి కింది సిగ్నల్ను కాపలా కాశాను. కార్లు ఆగాయి, కదిలాయి. పొట్లం కాదు, చీపురుపుల్ల కూడా చేతులు మారలేదు. నోటుబుక్కులో 'అబద్ధం' అని రాసి, తేదీ వేసి, కింద గీత గీశాను.

మర్నాడు పదింటికి ఏజెంటు కుదిర్చిన కారు వచ్చింది. రోజుకు రెండు వందల యాభై దిర్హాములు, మన లెక్కలో ఆరు వేల చిల్లర. డ్రైవరు ఖాజా, నలభై ఏళ్ళవాడు, తనది కోదాడేనని నవ్వుతూ చెప్పాడు. పరాయి దేశంలో మన ఊరివాణ్ణని చెప్పుకునేవాణ్ణి ముందుగా అనుమానించాలి.

"కోదాడ అయితే, చెక్‌పోస్టు ఊరికి ఏ దిక్కుండె?"

"బెజవాడ దిక్కండీ. మీరేంటి పెద్దాయనా, కారెక్కారా, ఇంటర్వ్యూ చేయడానికొచ్చారా?"

పది దిర్హాముల టికెట్టుతో మ్యూజియం చూశాం. మధ్యాహ్నం ఒంటిగంటకు నాకు షుగరు మాత్ర, దానితో ఏదైనా తినాలి. వెనక సీట్లో తల వంచుకుని, ఇంటి నుంచి తెచ్చిన సకినం చప్పుడు కాకుండా కొరకబోయాను. సకినం ఆ మర్యాద పాటించదు. ఖాజా అద్దంలోంచి చూశాడు.

"మామూలుగా నమలండి పెద్దాయనా. రోజా ఉపవాసం నాది, మీది కాదు. బయటివాళ్ళకు కనబడకుండా మాత్రం తినండి, ఇక్కడ అది పద్ధతి కాదు."

"నీకు ఆకలైతలేదా?"

"అవుతుందండీ. కాకపోతే ఉపవాసం ఎందుకవుతుంది?"

ఈ మంచితనం వెనక సాయంత్రం బక్షీసు ఉందని తీర్మానించుకున్నాను. సముద్రం ఒడ్డు చూసి ఆరింటికి తిరుగుముఖం పట్టాం. ఒక పెద్ద కూడలిలో ఎర్రదీపం పడింది. నల్ల బురఖా మీద పసుపు కోటు వేసుకున్న యాభై ఏళ్ళ ఆవిడ నా వైపు వచ్చి అద్దం మీద తట్టింది. నేను తలుపు గొళ్ళెం నొక్కాను. ఖాజా తన మీట నొక్కి నా అద్దం దించేశాడు. ఆవిడ రెండు అట్టపెట్టెలు నా ఒళ్ళో పెట్టింది. అమ్మకమేనని పది దిర్హాముల నోటు చాచాను. ఆవిడ నవ్వి, నోటుతో సహా నా చేతిని లోపలికి తోసి, వెనక కారు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఉపవాసం ఉన్నానో లేదో, ఏ మతమో అడగలేదు. సకినం పొడి నా చొక్కా మీదే ఉంది.

"నిన్న మా హోటల్ కాడ ఒక్కడు లేడు గదా!"

"అది చిన్న రోడ్డండీ. పెద్ద కూడళ్ళలోనే పంచుతారు, అదీ చివరి పది నిమిషాలు. ఇంటికి చేరే తొందరలో బండ్లు గుద్దుకోకుండా."

పెట్టెలో మూడు ఖర్జూరాలు, నీళ్ళ సీసా, మజ్జిగ, ఒక రొట్టె ఉన్నాయి. మజ్జిగ ఎప్పటిదోనని తిప్పి తారీఖు వెతుకుతుంటే ఖాజా అన్నాడు: "పెద్దాయనా, ఆ తనిఖీ తరువాత. మసీదులో బాంగు అయిపోయింది. కొంచెం నీళ్ళ మూత తీసివ్వండి." పొద్దుటి నుంచి గుక్క నీళ్ళు తాగని మనిషి స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చెయ్యి వెనక్కి చాచి ఉన్నాడు. మూత తీసిచ్చాను. దిగేటప్పుడు బక్షీసు ఇవ్వబోతే, చెప్పిన కిరాయి మాత్రమే తీసుకున్నాడు.

తిరిగొచ్చిన మూడో రోజు మిర్యాలగూడ వెళ్ళాను. సూర్యాపేట నుంచి బస్సులో గంటన్నర. సోమయ్య ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఎవరిదో నేమ్‌బోర్డుకు రంగు వేస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కుంచె ఆపలేదు.

"నలభై ఎనిమిది వేలు వెట్టి సూసొచ్చినవా? నా కాడ ఫోటోలున్నయ్ గదనే."

"మరి ఆనాడే ఎందుకు సూపియ్యలె?"

"నువ్వు ఫోటో అడిగినవా? అబద్ధాలోడన్నవ్. గా మాటకు ఫోటో ఎందుకు సూపియ్యాలె?"

ఇదంతా పత్రికలో రాస్తానన్నాను.

"రాసుడెందుకు? అన్ననాడు లేసి నిలబడి అన్నవ్. గట్లనే లేసి సెప్పు. అప్పుడు జూస్త, వచ్చుడా రాకపోవుడా."

సమావేశం ఈ ఆదివారం. నా మీద కథలు అల్లిన పెద్దమనుషులంతా ముందు వరసలో కూర్చుంటారు, వాళ్ళ ముఖాలు ఇప్పుడే కనిపిస్తున్నాయి. అనుమానం ముప్ఫై ఏళ్ళు నాకు జీతం ఇచ్చింది, దాన్ని ఇప్పుడు తిట్టను. కానీ లారీని ఆపితే సరుకు చూసి పంపించేవాణ్ణి. సోమయ్యను ఆపి, సరుకు చూడకుండానే నాలుగేళ్ళు నిలబెట్టాను. ఇది రాయడానికి ఒక పూట పట్టింది. లేచి నిలబడటానికి ఎంత పడుతుందో తెలియదు.

రంజాన్లో అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: పొద్దు గూకడానికి పది నిమిషాల ముందు పెద్ద కూడలి దాటే దారిలో ఉండండి. అద్దం దించండి, పర్సు తీయకండి, పెట్టె అందగానే ముందు డ్రైవరుకు నీళ్ళివ్వండి.