ఏడో బోరు రాయి

కొండ కడుపులో ఏముందో తెలియాలంటే బోరు వేసి, రాతిని గుండ్రటి కడ్డీల్లా బయటికి లాగుతారు. ఆ కడ్డీలను లోతు ప్రకారం చెక్కపెట్టెల్లో పేర్చి దాచే షెడ్డును ఇరవై రెండేళ్లుగా ఆవిడే చూసుకునేది. గనిలో అందరికీ ఆవిడ పెట్టెలక్క. చదివింది ఐదో తరగతే. రాతిని మాత్రం వేలితో తడిమి అదేమిటో చెప్పేసేది.

అక్కడిదంతా షిస్టు. పొరలు పొరలుగా విడిపోయే రాయి, అభ్రకంతో మిలమిలలాడుతుంది. ఆ పొరల మధ్య మాంగనీసు నల్లటి పట్టీలుగా ఉంటుంది, ముట్టుకుంటే వేళ్లకు మసి. రెండో బోరులో ఆ పట్టీ జానెడుంది. ఏడో బోరులో మచ్చుకైనా లేదు.

ఒక సోమవారం పొద్దున తాళం తీసి చూస్తే, ఏడో బోరు పెట్టెలో మూడుచోట్ల నల్లరాయి! ఒక ముక్క తీసి పక్కదానికి ఆనించింది. అతకలేదు. ఏడో బోరు రాతిలో పొరలు నిటారుగా ఉంటాయి. ఈ ముక్కల్లో అడ్డంగా ఉన్నాయి. రెండో బోరు పెట్టె తెరిచింది. మూడు ఖాళీలు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

బోరు మిషను నడిపే మరిదిని నిలదీసింది.

"మేనేజరుగారే పెట్టమన్నారొదినా. ఎల్లుండి గని కొనేవాళ్లు వస్తున్నారట, ఏడో బోరులోనూ మాంగనీసు ఉన్నట్టు కనబడాలట. నువ్వు చూడనట్టు ఊరుకో."

"ఊరుకోవడానికా ఇన్నేళ్లూ ఈ షెడ్డులో మసి పూసుకున్నది? సిగ్గులేదురా నీకు?"

మేనేజరు దగ్గరికి వెళితే ఆయన తలైనా ఎత్తలేదు. "పెట్టెలు మోసేదానివి, మోసుకో. రాళ్ల సంగతి చదువుకున్నవాళ్లం మేం చూసుకుంటాం."

బుధవారం కొనేవాళ్లు ముగ్గురు వచ్చారు. మేనేజరు ఏడో బోరు పెట్టె చూపిస్తూ ఊదరగొడుతున్నాడు. ఆవిడ ముందుకొచ్చింది. "సార్, ఆ నల్లముక్కని పక్కదానికి అతికించి చూపించండి."

మేనేజరు నవ్వేశాడు. "ఏమనుకోకండి. ఈవిడకి ఈమధ్య మతి సరిగా ఉండట్లేదు."

ఆ మాటతో ఆవిడకు మిగిలిన ఓపిక కూడా పోయింది. రెండో బోరు పెట్టె తెచ్చి బల్లమీద దభీమని పడేసింది. నల్లముక్కను ఖాళీలో పెట్టింది. విరిగిన చోటు కూడా కనబడనంతగా అతికింది. రెండోది అతికింది. మూడోదీ అతికింది. వచ్చినవాళ్లలో పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చూసి, నోటుబుక్కు మూసేశాడు. ముగ్గురూ టీ అయినా తాగకుండా వెళ్లిపోయారు.

మర్నాడు గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. 'స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నారు' అని ఉంది.

"ఎవరయ్యా మానుకున్నది?" పెన్ను లాక్కుని ఆ ముక్క కొట్టేసి, పైన 'తీసేశారు' అని పెద్దక్షరాలతో రాసింది. "ఇప్పుడు ముద్ర వెయ్యి." గుమాస్తా వేశాడు.

మూడు నెలలకు మేనేజరును ఇంకో గనికి పంపారని తెలిసింది. అదే హోదా, అదే జీపు. ఆవిడ పళ్లు నూరుకుంది. తెల్లారగానే బస్సెక్కి ఆ గనికి వెళ్లి, అక్కడి షెడ్డు చూసుకునే మనిషిని వెతికి పట్టుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి వచ్చింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.